కుంకుమ కింది పగులు

మూడంగుళాల గాజు పలకకు రెండు నెలల్లో దేవత హోదా వస్తుందని ముందే తెలిస్తే నేను ఆ పలకలను కోటకు ఇచ్చేదాన్ని కాదు. ఇచ్చింది నేనే. మూఢనమ్మకాల మీద వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఈ సంగతి గుర్తుకొచ్చేది. పక్కన పెట్టి ఇంకో ఉదాహరణ వెతుక్కునేదాన్ని. అది ఏ పక్షం వాదానికి పనికొస్తుందో నాకు ఇప్పటికీ తేలలేదు. తేలలేదు కనుకనే రాయాలని ఈ మధ్య అనిపిస్తోంది.

తొంభైల మధ్యలో నేను యూనివర్సిటీలో కెమిస్ట్రీ పరిశోధన చేస్తున్నాను. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, తార్నాకలో ఒక ఇంటి వెనక పోర్షన్‌లో అద్దెకు దిగాం. ముందు పోర్షన్‌లో ఉండే ఆయన నగరానికి పడమట ఉన్న పాత కోటలో మరమ్మతు పనులు చూసేవారు. కోస్తా మనిషి, యాభై దాటాయి. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని రెండు బస్సులు మారి వెళ్లేవారు. సాయంత్రం చెప్పుల నిండా తెల్లటి సున్నంతో తిరిగొచ్చేవారు. నేను ఆయన్ను బాబాయి గారూ అని పిలిచేదాన్ని.

మా స్నేహం సున్నంతోనే మొదలైంది. ఒకరోజు ఆయన న్యూస్‌పేపర్లో పొట్లం కట్టిన పాత గచ్చు పెళ్లలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఏమ్మా, మీ లేబులో దీన్ని కరిగించి చెప్పగలవా? ఇందులో సున్నమెంత, ఇసకెంత?"

అది సులువే. పెళ్లను నూరి ఆసిడ్‌లో వేస్తే సున్నం బుసబుసా పొంగి కరిగిపోతుంది, ఇసుక అడుగున మిగులుతుంది. వడగట్టి, ఎండబెట్టి, తూచి చెప్పాను. పాత గోడకు అతుకు వేసేటప్పుడు పాత పాళ్లలోనే సున్నం కలపాలట. సిమెంటు వాడితే ఆ అతుకు బిర్రుగా నిలబడి పక్కనున్న పాత రాయిని పొడి చేస్తుందట. ఆ మాట నాకు నచ్చింది. మళ్లీ మళ్లీ పొట్లాలు తెచ్చారు, మళ్లీ మళ్లీ కరిగించాను.

"మరి బెల్లం సంగతేంటమ్మా?" అన్నారు ఒకసారి. "బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పడందే సున్నం పట్టదంటాడు మా మేస్త్రి. పాతదాంట్లో ఉన్నాయేమో చూడు."

"నా ఆసిడ్‌కు బెల్లం తెలియదు బాబాయి గారూ. మేస్త్రికి ఎలా తెలుసట?"

"వాళ్ల తాత చెప్పాడట."

"తాతకు ఎలా తెలుసు?"

"నిన్ను చేసుకోబోయేవాడు ఎక్కడున్నాడో గానీ, పాపం!" అని నవ్వి, పొట్లం చుట్టుకుని వెళ్లిపోయారు.

'ఎలా తెలుసు' అన్నది మా చర్చా బృందం నేర్పిన ప్రశ్న. శనివారం సాయంత్రాలు కాలేజీ మెట్ల మీద పదిమందిమి కూర్చునేవాళ్లం. మాట అన్నవాళ్లే రుజువు తేవాలి, అదొక్కటే నియమం. 'విన్నాను', 'అంటారు', 'మా మేనత్త చూసింది' అంటే చెల్లదు. నువ్వు చూశావా, మళ్లీ చేసి చూపగలవా అని అడిగేవాళ్లం. నిలబడని మాటను అక్కడే పడగొట్టేవాళ్లం. బృందాన్ని నడిపేది వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక సీనియర్. నన్ను 'సైంటిస్టు' అనేవాడు, సగం మెచ్చుకోలుగా, సగం వెక్కిరింతగా. ఆ మెట్ల మీద నేర్చుకున్నదాన్ని నేను ఇవాళ్టికీ వదులుకోలేదు. గాల్లోంచి విభూతి తీసే స్వాముల మీద, జాతకం బాగాలేదని ఆడపిల్లల చదువు మాన్పించే పెద్దమనుషుల మీద నేను రాసిన ప్రతి వాక్యమూ అక్కడ పుట్టిందే. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఇది రాయడం లేదు.

ఆ ఏడాది వానలకు ముందు బాబాయి గారికి ఒక గోడ బెంగ పట్టుకుంది. చూడవచ్చినవాళ్లు కోట పైకెక్కే మెట్ల దారి పక్కన, రెండు నిలువుల ఎత్తు గోడ. బయటా లోపలా చెక్కిన రాయి, మధ్యలో గుండ్రాళ్లూ సున్నమూ కూరిన కట్టడం. నడిమి భాగం కొంచెం పొట్టలా ఉబ్బింది. పైనుంచి కిందికి ఒక పగులు దిగింది. ఆ పగులు ఎప్పుడో పుట్టి ఆగిపోయిందా, ఇంకా సాగుతోందా? ఆగిపోయి ఉంటే సున్నం నింపి వదిలేయొచ్చు. సాగుతుంటే దారి మూసి, రాళ్లకు వరసగా నెంబర్లు వేసి, గోడ మొత్తం విప్పి మళ్లీ కట్టాలి. పైఅధికారులు ఆగిపోయిందనే అన్నారు; దారి మూయడం వాళ్లకు ఇష్టం లేదు. బాబాయి గారికేమో సాగుతోందని అనుమానం. ఒట్టి అనుమానాన్ని ఫైల్లో పెట్టలేరు.

"పల్చటి గాజు పలకలు కావాలమ్మా," అన్నారు. "పగులు మీద అడ్డంగా పెట్టి, రెండు కొసల్నీ ప్లాస్టర్‌తో బిగిస్తాం. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుద్ది. దానికి వంగటం రాదు కదా."

మా లేబులో గీతలు పడి పక్కన పడేసిన మైక్రోస్కోప్ స్లైడ్లు ఒక పెట్టెడు ఉన్నాయి. మూడు తెచ్చి ఇచ్చాను. ఆ పద్ధతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. గోడనే నిలబెట్టి 'రుజువేది' అని అడగడం! బాబాయి గారు పగులు మీద ఒకటి బాగా పైన, ఒకటి మనిషి చెయ్యి ఆనేంత ఎత్తులో, ఒకటి మోకాలి దగ్గర బిగించి, ప్లాస్టర్ ఆరకముందే మేకుతో తేదీ గీశారు. వారానికోసారి చూసి పుస్తకంలో రాసుకునేవారు. వానలు వెళ్లేదాకా మూడూ పగలకుండా ఉంటే గోడ ఆగినట్టు.

బోనాల నెల వచ్చి వెళ్లింది. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆయన మెట్ల మీద కూర్చుని చెప్పులు దులుపుకుంటూ అన్నారు:

"నీ స్లైడుకు పూజలు మొదలయ్యాయమ్మా."

నాకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పారు. ఇసుకా సున్నమూ జల్లెడ పట్టే ఆడవాళ్లు నీడ కోసం ఆ గోడ కిందే కూర్చుంటారు. అద్దం ఎందుకని వాళ్లు అడిగితే మేస్త్రి, 'ఇది పగిలిందంటే గోడ పడుతది' అన్నాడు. చెప్పింది అబద్ధం కాదు. కానీ వాళ్లు ఆ మాటను తిరగేసి పట్టుకున్నారు: అద్దం పగలకుండా కాపాడుకుంటే గోడ పడదు. చెయ్యి అందే మధ్య అద్దానికి రోజూ పసుపూ కుంకుమా పెట్టడం మొదలుపెట్టారు.

"మరి మీరు తుడిచెయ్యలేదా?"

"తుడిస్తే రేపు పనిలో ఒక్కళ్లుండరు. పసుపు సందుల్లోంచి కనపడినంత చూసి, బాగానే ఉందని రాస్తున్నా."

మరుసటి ఆదివారం వెళ్లి చూశాను. గాజు ఎక్కడా కనిపించలేదు. పసుపు, దాని మీద కుంకుమ, దాని మీదుగా కారిన నూనె, అగరొత్తుల మసి, వేపమండలు, ఒక నిమ్మకాయ. కోట చూడవచ్చినవాళ్లు మెట్లెక్కుతూ ఆగి, ఏమిటని కూడా అడగకుండా చేతులు జోడించి పోతున్నారు. ఒకాయన మాత్రం ఏ అమ్మవారని అడిగాడు. జల్లెడ పట్టే ఒకామె తలెత్తకుండానే "అద్దాలమ్మ" అంది. అంతే, పేరు కూడా వచ్చేసింది. నిజం చెప్పాలంటే నాకు కోపం కన్నా ఉత్సాహమే ఎక్కువ కలిగింది. దేవుళ్లు ఎలా పుడతారని ఏళ్ల తరబడి వాదించినదాన్ని. నా కళ్ల ముందే, నేనిచ్చిన గాజు మీదే ఒక దేవత పుట్టింది. క్యాంపస్‌లో మేం అంటించే గోడ పత్రికకు ఆ రోజే వ్యాసం రాసిచ్చాను.

సీనియర్ చదివి పెదవి విరిచాడు. "రాసుడు కాదు సైంటిస్టు. గాడనే, అందరి ముంగట తుడిచి చూపియ్యి. తుడిచినా గోడ పడదని వాళ్ల కండ్లతోని వాళ్లే చూడాలె."

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరం వెళ్లాం. నా సంచిలో తడిగుడ్డ, షేవింగ్ బ్లేడు. బాబాయి గారు అప్పుడు కోట అవతలి వైపు పైన కొలతలు తీయిస్తున్నారు. ఆయనకు నేను చెప్పలేదు. చెబితే వద్దంటారని తెలుసు కాబట్టే చెప్పలేదు.

ఆడవాళ్లలో పెద్దావిడ పాలమూరు వైపు మనిషి. అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను.

"పెద్దమ్మా, ఇది దేవత కాదు. మా కాలేజీల పురుగులను చూసే అద్దం."

"పురుగులను చూసే అద్దమైతే గీడెందుకు పెట్టిన్రు? మమ్ముల చూసెటందుకా?"

అందరూ పకపకా నవ్వారు.

"గోడ కదులుతున్నదా లేదా తెలుసుకునేటందుకు పెట్టిన్రు," అన్నాను.

"గదే గద మేం గూడ అంటున్నది. కదలకుండ చూడు తల్లీ అని మొక్కుతున్నం."

"మొక్కితే ఆగదు పెద్దమ్మా."

"ఆగింది గద! రెండు నెల్లాయె, పడ్డదా?"

సీనియర్ అందుకున్నాడు. "మొక్కకముందు గూడ పడలే గదా?"

"గప్పుడు మేం దీని కింద లేకుంటిమి," అంది పెద్దమ్మ. మళ్లీ నవ్వులు. మెట్ల మీద ఆగిన సందర్శకులు కూడా నవ్వారు. కాలేజీ మెట్ల మీద ఎంతోమందిని నోరెత్తకుండా చేసినదాన్ని, జల్లెడ ముందు నాకు మాట దొరకలేదు. మాట దొరకనప్పుడు చెయ్యి లేస్తుంది. సంచిలోంచి గుడ్డ తీశాను.

వేపమండలూ తడి కుంకుమా గుడ్డతోనే వచ్చేశాయి. వాటి కింద నూనె, పసుపు, మసి కలిసి పెచ్చులా గట్టిపడింది. బ్లేడుతో ఎడమ కొస నుంచి గీకుతూ వచ్చాను. మధ్యలో పెచ్చు మందంగా ఉంది. బొటనవేలు ఆనించి నొక్కాను. చిన్న చప్పుడైంది. ఆ చప్పుడును తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో లెక్కలేదు. అది బ్లేడు గాజుకు తగిలిన చప్పుడు కావచ్చు. పెచ్చు ఊడిన చప్పుడు కావచ్చు. గాజు విరిగిన చప్పుడు కావచ్చు. పెచ్చు రాలిపడింది. దాని కింద పలక నడుమ ఏటవాలుగా ఒక పగులు.

"పగులగొట్టింది!" పెద్దమ్మ లేచి నిలబడింది. "చూసిన్రా, అమ్మను పగులగొట్టింది!"

"పగిలే ఉన్నది!" సీనియర్ అంతకన్నా గట్టిగా అరిచాడు. "మీ మొక్కుతోని ఏం కాలే, చూడుండ్రి!"

ఇద్దరికీ అనుమానం లేదు. చేతిలో బ్లేడు పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడ్డ నాకొక్కదానికే తెలియదు. కంగారులో ఆ పసుపు గుడ్డతోనే పలకను ఇంకోసారి తుడిచాను. ఎందుకు తుడిచానో కూడా తెలియదు.

అరుపులకు బాబాయి గారు పరుగున దిగి వచ్చారు. తిట్టలేదు. పైదీ కిందిదీ చూశారు. రెండూ బాగానే ఉన్నాయి. నా వైపు తిరిగి ఒక్కటే అడిగారు.

"నువ్వు గీకకముందే పగిలుందా, గీకితే పగిలిందా?"

"తెలీదు బాబాయి గారూ."

"చూడకుండానే చెయ్యి పెట్టావా?"

సీనియర్ ఏదో అనబోతే ఆయన వినలేదు. నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు. బుధవారం ఆ గోడకు పరంజా కట్టాలని పైనుంచి ఆర్డరు. కడితే ఆడవాళ్లు సున్నం తట్టలు మోసేది సరిగ్గా ఆ పొట్ట కిందే. గాజు ముందే పగిలి ఉంటే గోడ నడిమి భాగం కదిలినట్టు. మనుషుల్ని తీసెయ్యాలి, దారి మూసెయ్యాలి. నేను పగలగొట్టి ఉంటే ఏమీ లేదు, ఇంకో పలక పెట్టుకుని పని సాగించుకోవచ్చు.

"మిగతా రెండూ బాగానే ఉన్నాయి కదా?" అన్నాను, ఆశగా.

"ఉబ్బింది మధ్యలో కదమ్మా."

పలక రెండు ముక్కల్నీ ప్లాస్టర్లోంచి ఊడదీసి కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు. "సున్నం ఇంకా నలగలేదని చెప్పి ఆడవాళ్లను రెండు రోజులు గానుగ దగ్గర ఉంచుతా. దారిలో ఎక్కేవాళ్లను మాత్రం ఏ కారణం చెప్పి ఆపను? బుధవారం లోపల ఏదో ఒకటి తేల్చు. నువ్వు చెప్పిందే రాస్తా. తెలియదు అని మాత్రం చెప్పకమ్మా. తెలియదంటే పైవాళ్లు తెరిచే ఉంచుతారు."

సోమవారం పొద్దున లేబులో ఆ ముక్కలను లెన్స్ కింద పెట్టాను. ఆలోచన తేలికే. ముందే పగిలి ఉంటే రోజుల తరబడి పసుపు, నూనె ఆ సందులోకి దిగుతాయి, విరిగిన అంచు పచ్చగా ఉంటుంది. నేను విరిచి ఉంటే అంచు తేటగా ఉంటుంది. చూశాను. సగం అంచు పచ్చగా ఉంది, సగం తేటగా ఉంది.

అప్పుడు పసుపు గుడ్డతో రెండోసారి తుడిచిన సంగతి గుర్తొచ్చింది. ఆ పచ్చదనం నా గుడ్డదే కావచ్చు.

అయితే మళ్లీ చేసి చూడాలి. మధ్యాహ్నం ఇంటికొచ్చి వంటింట్లోంచి పసుపు, కుంకుమ, నూనె సీసా తీసి సంచిలో వేసుకుంటుంటే అమ్మ చూసింది.

"దేవుడు లేడు దేవుడు లేడని ఊరంత తిరుగుతవ్. పసుపు కుంకుమ పట్టుకొని ఎటు పోతున్నవే?"

"లేబుకు."

"లేబుల పూజనా! మంచిగున్నది. గంట గూడ తీస్కపో."

పెట్టెలో మిగిలిన స్లైడ్లకు ఆ మధ్యాహ్నమంతా పసుపు రాశాను, కుంకుమ పెట్టాను, నూనె పోశాను, దీపం కింద ఆరబెట్టాను. కొన్నిటిని ముందే విరిచి, ముక్కలు కలిపి పెట్టి రాశాను. కొన్నిటిని రాశాక బ్లేడుతో గీకి, నొక్కి విరిచాను. తడిగుడ్డతో తుడిచి అంచులు చూశాను. అప్పుడే విరిచిన ఒక పలక అంచు పొడుగునా పచ్చబడింది. ముందే విరిగి ఉన్న ఇంకోటి సగం తేటగా మిగిలింది. మరొకటి నేను నొక్కనే లేదు. పెచ్చు తీస్తుంటే పాత గీత వెంట తనంతట తనే విడిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, నేను కోటకిచ్చినవి కూడా గీతలు పడ్డ స్లైడ్లే. గోడ కదలకపోయినా, నేను నొక్కకపోయినా, ఎండకూ వానకూ కూడా పగిలి ఉండొచ్చు. రెండు జవాబులుండే ప్రశ్నకు మూడో జవాబు కూడా వచ్చి చేరింది.

సాయంత్రం సీనియర్ లేబుకు వచ్చాడు. బల్ల నిండా పసుపు చూసి కాసేపు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏం తేలింది సైంటిస్టు?"

"ఏం తేలలే."

"తేలకపోవుడేంది? ముందే పగిలి ఉన్నదని రాసియ్యి. మొక్కినా పగిలిందంటే అద్దాలమ్మ కథ ఖతం. దారి మూస్తరు, మనుషులు బతుకుతరు. ఎటు చూసినా లాభమే గదా, నీకేం నష్టం?"

నాకు భయం వేసింది అందుకే. ఆ జవాబు నా వాదాన్ని గెలిపిస్తుంది, నా తప్పును కడిగేస్తుంది, పైగా మనుషులకు మంచి కూడా చేస్తుంది. మనకు అనుకూలమైన మాటనే ముందు అనుమానించాలని ఆ మెట్ల మీద ఎన్నిసార్లు చెప్పానో. నేనే పగలగొట్టానని ఒప్పుకుంటే నాకు అవమానం. అవమానం కలిగిస్తుంది కాబట్టి అది నిజమైపోతుందా? అదీ కాదు. అలా ఒప్పుకుని గొప్పతనం మూటగట్టుకుంటే, బుధవారం ఆ గోడ కింద తట్ట మోసేది నేను కాదు.

"నువ్వు చూసినవా?" అని అడిగాను సీనియర్‌ను. "పగిలే ఉన్నదని అరిచినవ్ గదా. నీకు ఎట్ల తెలుసు?"

అతను "గప్పుడు గట్లనే అనాల్సుండె," అన్నాడు. మోసం చేసే మనిషి కాదు. ఆ క్షణంలో నిజంగానే చూశాననుకుని ఉంటాడు.

మంగళవారం ఒక్కదాన్నే బస్సెక్కాను. తార్నాక నుంచి కోటకు ఎంతసేపు పడుతుందో, అంతసేపూ ఆ గాజును ఎవరు చూశారని లెక్కవేసుకుంటూ వెళ్లాను. బాబాయి గారు పసుపు సందుల్లోంచి వారానికోసారి. నేను చూడలేదు. సీనియర్ చూడలేదు. సగం దారిలో తట్టింది, చూసినవాళ్లు ఎవరూ లేకపోయినా తాకినవాళ్లు ఉన్నారు. రోజూ పొద్దున్నే దాని మీద వేలితో పసుపు రాసిన మనిషి ఉంది.

పెద్దమ్మ గానుగ పక్కన కూర్చుని జల్లెడ పడుతోంది. ఎద్దు సున్నం మీద రాతి చక్రాన్ని లాగుతూ గుండ్రంగా తిరుగుతోంది. నన్ను చూసి ఆమె జల్లెడ ఆపలేదు.

"ఇంకేం పగులగొడ్తవ్ బిడ్డా? గీ గానుగ రాయి ఒక్కటే మిగిలింది."

"ఒక్క మాట అడగాలె పెద్దమ్మా. దినాం పసుపు రాసేది నువ్వే గదా. రాసేటప్పుడు వేలికి ఏమన్న తగిలిందా? గీత లెక్క?"

ఆమె నన్ను పరీక్షగా చూసింది. "నీకేది గావాలె? తగిలిందంటే మంచిదా, తగలలేదంటే మంచిదా?"

"నిజం గావాలె."

"నిజం చెప్తే ఏమైతది?"

చెప్పాను. తగిలిందంటే దారి మూస్తారు, గోడ విప్పుతారు. తగల్లేదంటే రేపు పరంజా కడతారు. ఆమె జల్లెడలో మిగిలిన రాళ్లు పక్కన పోసి, చేతులు దులుపుకుంది.

"శుక్రారం తగిలింది. సన్నగ, ఎంట్రుక లెక్క. గందుకే నడుమల మందంగ పెట్టిన. దెబ్బ తాకిన కాడ పసుపు పెట్టమా?"

"మరి ఆదివారం నేనే పగులగొట్టినానని అరిచినవ్ గదా!"

"నువ్వట్ల గీకుతుంటే పానం మండింది, అరిసిన. ఎంట్రుకంత ఉన్నదాన్ని నువ్వే జరంత పెద్దగ చేసినవో, ఎవలకెరుక?"

"శుక్రవారమే ఎందుకు చెప్పలే?"

"పగిలిందని నోటితోని అనాల్నా? అంటే అందరు లేసిపోతరు. పని బందైతది. అమ్మే చూసుకుంటదనుకున్న."

నడుమ పెచ్చు మందంగా ఉన్న మాట నిజం. ఆదివారం నా బ్లేడుకు తెలిసింది. కానీ ఆ మందం నాకు ఆదివారమే తెలిసిందా, లేక ఆమె చెప్పాక తెలిసినట్టు అనిపిస్తోందా? ఇంకో అనుమానం. రేపు ఆ గోడ కింద తట్ట మోయాల్సిన మనిషి, నేను రెండు దారులూ విప్పి చెప్పాక, దారి మూసే జవాబునే కదా ఎంచుకుంటుంది? అలా ఎంచుకుంటే మాత్రం తప్పేముంది? నా ప్రశ్నే తప్పు, ఏ జవాబుకు ఏమవుతుందో ముందే చెప్పేశాను. సాక్షిని అలా అడగకూడదు. మా చర్చల్లో ఎవరైనా అలా అడిగితే నేనే ఊరుకునేదాన్ని కాదు.

బాబాయి గారి రేకుల షెడ్డులో కూర్చుని కాగితం రాశాను. 'నేను గాజును చూడకుండా గీకాను. గీకకముందు అది పగిలి ఉందో లేదో నాకు తెలియదు. శుక్రవారం పసుపు రాసినప్పుడు వేలికి సన్నటి గీత తగిలిందని జల్లెడ పట్టే మనిషి చెబుతోంది.' బాబాయి గారు చదివి తల పంకించారు.

"ఆమె చెప్పిందానికి ఆమే వేలిముద్ర వెయ్యాలమ్మా."

పెద్దమ్మను పిలుచుకొచ్చాను. గడప దగ్గరే ఆగిపోయింది.

"అమ్మ పగిలిందని నేను ముద్ర వెయ్యాల్నా? నా చెయ్యెట్లొస్తది?"

ఆమెకు సమాధానం చెప్పడానికి నా దగ్గర చాలా వాదాలున్నాయి. ఒక్కటీ బయటికి తీయలేదు. బాబాయి గారే అన్నారు: "రేపు మీ ఆడవాళ్లు దాని కింద మొయ్యాలమ్మా. ఆలోచించుకో."

ఆమె గడప పట్టుకుని కాగితం వైపు చూసింది. "ఈ పిల్ల చూడకుంట గీకిందని రాసిన్రా?"

"రాసిన," అన్నాను.

"సదువు."

చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను. అప్పుడు లోపలికొచ్చి, సున్నపు చెయ్యి చీరకు తుడుచుకుని, బొటనవేలు ఇంకులో ముంచి ముద్ర వేసింది.

"పైవాళ్లు అడిగితే, పసుపు రాసే మనిషి మాట మీద దారి మూశానని చెప్పాలి," అన్నారు బాబాయి గారు కాగితం మడుస్తూ. "నవ్వుతారు."

నవ్వారు కూడా. కానీ పైకి వెళ్లిన కాగితాన్ని తోసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చలికాలంలో గోడ విప్పారు. నడుమ ఒకచోట చెట్ల వేళ్లు చొచ్చుకుపోయి సున్నం మట్టయి ఉంది. దాని చుట్టూ సున్నం మాత్రం గునపానికి లొంగలేదట. "విప్పకపోతే పడేదా బాబాయి గారూ?" అని అడిగాను. "పడనిదాన్ని పడేదని ఎలా చెబుతామమ్మా?" అన్నారు. సీనియర్ మాత్రం మొక్కు ఆపలేని పగులు గురించి గోడ పత్రికలో తనే రాశాడు. అందులో నా పేరు కూడా పెడితే తీయించాను. కొన్నాళ్లు మాటల్లేవు, తర్వాత కలిశాం. కోటలో ఆడవాళ్లేమో, అద్దాలమ్మ ముందే గీతతో హెచ్చరించి తమను కాపాడిందని చెప్పుకున్నారట. ఒకే పగులు అందరికీ రుజువైంది, నాకు తప్ప.

మంగళవారం సంగతి పూర్తి చేయాలి. ముద్ర ఆరకముందే బాబాయి గారు మెట్ల దారికి అడ్డంగా వెదురు కట్టించి తాడు బిగించారు. ఎక్కడానికి వచ్చినవాళ్లు విసుక్కుంటూ వేరే దారి పట్టారు. గోడ కింద వదిలిపోయిన తట్టలూ జల్లెడలూ తెచ్చుకుని ఆడవాళ్లు ఎదురుగా ఉన్న ఇంకో గోడ నీడకు మారారు. పెద్దమ్మ కూర్చోబోతూ ఆగి, వెనక్కి తిరిగి ఆ గోడను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"గీ గోడ మంచిదేనా బిడ్డా? కూసోవచ్చునా?"

ఆమె వెక్కిరించడం లేదు. నేను దగ్గరికెళ్లి ఆ గోడను పైనుంచి కిందిదాకా చూశాను. ఈసారి చేతులు వెనక పెట్టుకుని చూశాను. రాళ్ల మధ్య ఒక నల్లటి గీత వంకరగా దిగుతోంది. పగులు కావచ్చు. వాననీళ్ల చార కావచ్చు. ఎంతసేపు చూసినా నాకు తేడా తెలియలేదు. బాబాయి గారు ఎక్కడో పైన ఉన్నారు. పదిమంది ఆడవాళ్లు తట్టలు పట్టుకుని నా నోటి వైపు చూస్తూ నిలబడ్డారు.

"వద్దు, ఇక్కడ కూర్చోకుండ్రి," అన్నాను.

"ఏమున్నది గాడ?"

"తెల్వదు పెద్దమ్మా."

 ఆడవాళ్లు గొణుక్కుంటూ, నన్నూ నా చదువునూ కలిపి తిట్టుకుంటూ ఎండలోకి నడిచారు. అందరికన్నా చివర పెద్దమ్మ తట్ట నెత్తికెత్తుకుంది.

"గిట్లయితే కోటంత ఖాళీ చెయ్యాలె," అంది, ఎండకు కళ్లు చిట్లించి.